మోక్ మాస్టారికి దొరకని ఎముక

మోక్ మాస్టారు దుకాణాలకి చీనా అక్షరాల బోర్డులు రాసేవాడు. రాయడం కంటే రాయకుండా ఉండడమే ఎక్కువ. అక్షరానికి ముందు ఎముక దొరకాలంటాడు. ఆ ఎముక ఆయన కుంచెలో ఉండదు, సిరాలో ఉండదు. వీధిలో ఇంకెవరి బోర్డులోనో దాక్కుని ఉంటుంది. వెతకాల్సింది మాత్రం బోర్డు అడిగినవాళ్ళే.

యౌ మా తేయ్ పేట‌లో మా వీధి వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నాకే తెలీదు. లాంటావ్ దీవి నుంచి వచ్చి, నల్లనువ్వుల జావ అమ్ముదామని మూల దుకాణం తీసుకున్నాను. ఆ గడప మీద ఎవరూ నిలవలేదట. చెప్పులవాడు పోయాడు, చిలకలవాడు పోయాడు, విగ్గులామె విగ్గులు కూడా వదిలేసి పోయింది. నేను గడప తుడుస్తుంటే జనం రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు. అయినా పంచాంగం చూపించి ముహూర్తం పెట్టించాను, ముక్కలు చెయ్యకుండా కాల్చిన పందిని ఆర్డరిచ్చాను. ప్రారంభం రోజున దాన్ని కోసి, వచ్చినవాళ్ళకి పంచాలి. ఎవరూ రాక పంది అలాగే నన్ను చూస్తూ ఉండిపోతే? దుకాణం పుట్టకముందే పోయినట్టు.

"మూడక్షరాలే మాస్టారూ. రేపటికి ఇస్తారా?"

ఆయన నా వైపు చూడలేదు. కిటికీ అవతల వాన గీతలు గీస్తోంది, దాన్ని చూశాడు.

"ఎముక దొరకలేదమ్మాయ్."

"నాకర్థం కాలేదు."

"అర్థమైతే అక్షరం చెడిపోతుంది. మాంసం కొట్టు పూన్ బోర్డులో పక్కకి జారే గీత ఒకటుంది. అదెందుకలా లావెక్కిందో కనుక్కునిరా."

"రోడ్డు మీద నుంచి చూస్తే తెలీదా?"

"రోడ్డు మీద నుంచి గీత కనిపిస్తుంది. కారణం లోపలుంటుంది. వెళ్ళి పూన్‌నే అడుగు."

పూన్ కత్తి గాల్లోనే ఆపి విన్నాడు. "మాంసం వద్దా?"

"వద్దు. గీత చాలు."

"ఇంతకీ ఎవరు నువ్వు?"

"మూల దుకాణం."

"అయ్యో, చిలకలవాడి దుకాణం!" అని, పోయినవాళ్ళని చూసినట్టు చూశాడు. తరవాత గీత గురించి మొదలుపెట్టి, వాళ్ళ నాన్న పొట్ట మీదుగా, పొట్ట పెంచిన అమ్మ చేతివంట మీదుగా, అత్తగారి నోటిదాకా వెళ్ళాడు. నేను బయటపడేసరికి చేతిలో కాగితంలో చుట్టిన పంది కాలేయం ఉంది. ఎందుకిచ్చాడో తెలీదు.

"వాళ్ళ నాన్న పొట్టలాగే వాలిందట మాస్టారూ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచి పెదవి విరిచాడు. "పొట్ట దొరికింది. ఎముక దొరకలేదు. ఊదొత్తుల కొట్టు నడిపే అవ్వ, లో అని పేరు, ఆమె దగ్గరికెళ్ళు. ఆమె బోర్డులో మొదటి అక్షరం నెత్తిన చుక్క ఉంది, అడుగు."

లో అవ్వ నన్ను కూర్చోబెట్టి, ఉప్పు రేగుపండు నోట్లో పెట్టి, చుక్క సంగతి తప్ప అన్నీ అడిగింది. "పెళ్ళయిందా? ఎందుకు కాలేదు? పళ్ళు బాగానే ఉన్నాయిగా!" లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అరిచింది. "ఆ చుక్కా? నేను కోపంగా తల తిప్పితే అలా ఉంటుందన్నాడు మోక్, ముదనష్టపోడు! రేపు రా, ఇంకా చెప్తాను."

ఆ తరవాత గడియారాలు బాగుచేసే సిట్. ఆయన మాట్లాడడు. కంటికి భూతద్దం తగిలించుకుని నన్నొక పాడైన గడియారంలా చూశాడు. వాళ్ళ బోర్డులో నిలువు గీత మధ్యలో ఎందుకు సన్నబడిందని అడిగితే భుజాలెగరేశాడు. ఇద్దరం వానలోకి వచ్చి తలెత్తి నిలబడ్డాం. మమ్మల్ని చూసి దారినపోయేవాళ్ళూ నిలబడ్డారు. దేన్ని చూస్తున్నామో ఎవరికీ తెలీదు. ఎవరూ కదల్లేదు.

రోజూ ఇదే. రోజూ "ఎముక దొరకలేదు." కొన్నాళ్ళకి నాకు బోర్డులు చదవడం పోయింది, చూడడం వచ్చింది. ఒక గీత తడిజుట్టు పిండుకుంటోంది. ఒక చుక్క వీధిలోకి దూకాలా వద్దా అని అంచున ఆగింది. పొయ్యి మీద జావ చిక్కబడుతుంటే, గరిటె వెనక పూన్ వాళ్ళ నాన్న పొట్ట తేలి మెల్లగా మునిగేది. సరిగ్గా అక్కడ తిప్పడం ఆపితే జావ పట్టులా దిగుతుందని అప్పుడే తెలిసింది. నాకు పిచ్చెక్కుతోందా, పని వస్తోందా తేల్చుకోలేకపోయాను.

ముహూర్తం పొద్దున్న గుమ్మం మీద మాస్టారు కట్టించిన ఎర్రగుడ్డ వేలాడుతోంది. కింద బోర్డుందో, ఉత్త గోడే ఉందో నాకు తెలీదు. పంది వచ్చింది. అదీ నేనూ తప్ప అక్కడెవరూ లేరు.

అప్పుడు పూన్ తన కత్తి పట్టుకుని వచ్చాడు. "తప్పుకో, పందిని నువ్వు కొయ్యలేవు. ముందిది చెప్పు, మాస్టారు మా నాన్న గీత పెట్టాడా లేదా?" లో అవ్వ కర్ర ఊపుకుంటూ వచ్చింది. "నా చుక్క లేకపోతే వాడి కుంచె విరిచేస్తా!" సిట్ వచ్చాడు. ఆ రోజు వానలో తలెత్తి నిలబడ్డవాళ్ళు కూడా, దేన్ని చూశారో ఇవాళైనా తెలుస్తుందని వచ్చారు.

గుడ్డ లాగాను. మూడు బంగారు అక్షరాలు.

"అదిగో పొట్ట!"

"పొట్టా నీ మొహం! అది నా మెడ!"

వాదించుకుంటూనే తిన్నారు. నా కోసం ఒక ముక్క తీసుకుందామని చూస్తే పళ్ళెంలో చెవి మాత్రం మిగిలింది.

మాస్టారితో పాటు జావ తాగడానికి వచ్చిన ఆయన భార్య నా పక్కకి చేరింది. "హమ్మయ్య, ఇక చీపురు పెట్టుకోవడానికి చోటు దొరికింది. నువ్వడిగిన సాయంత్రమే బోర్డు రాసేసి మంచం కింద తోశాడు."

"మరి ఎముక?"

"నన్నడుగుతావేం? అప్పట్లో పూన్‌ని లో అవ్వ దగ్గరికి ఇలాగే తోలాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు అప్పుడు."

నేను మాస్టారి ముందు నిలబడ్డాను. ఆయన జావ గిన్నెలో మొహం దాచుకున్నాడు.

"నిజమేనా మాస్టారూ?"

"పచ్చి అబద్ధం. ఎముక ఇవాళే దొరికింది." గిన్నె దించి, తలెత్తి, మొహం చిట్లించాడు. "కానీ మూడో అక్షరం కుంటుతోందే! దింపు, మళ్ళీ రాస్తాను. నువ్వీలోపు చేపల కొట్టుకెళ్ళి..."

"చెయ్యేశారంటే చూడండి మాస్టారూ!" పూన్ కత్తి లేచింది. లో అవ్వ వెళ్ళి గోడకానించిన నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంది. వీధిలో ఎవరూ ఎన్నడూ గొంతు వినని సిట్, భూతద్దం కంటి నుంచి జారి జావలో పడినా పట్టించుకోకుండా అరిచాడు.

"అది మా బోర్డు!"

మాస్టారు అందరి వైపూ ఒకసారి చూసి, ఖాళీ గిన్నె నాకేసి చాపాడు.

"సర్లే. కుంటనీ."