పత్తి కట్టె తీసి వాగుకు దారిచ్చిన రోజు

వరద గురించి తెలుసుకుందామని వెళ్లి, కడుపునిండా తిని, నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టి తిరిగొచ్చాను. దీనికంతటికీ కారణం మా స్కూల్లో తెలుగు చెప్పే సుజాత. పిల్లలకు వరదల పాఠం విసుగు పుట్టకుండా ఎలా చెప్పాలా అని నేను స్టాఫ్ రూములో తల పట్టుకు కూర్చుంటే, "పుస్తకం మూసెయ్యండి మేడం. శనివారం మా ఊళ్లో వాగు బాగుచేస్తన్నారు, రండి. వరద ఎందుకొచ్చిందో మా అక్క చెబుద్ది, ఎవరు తెప్పించారో కూడా చెబుద్ది" అంది. వరదను తెప్పించడమేంటని అడిగితే నవ్వి ఊరుకుంది. సగం చెప్పి ఊరుకునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. మిగతా సగం కోసమే బయలుదేరాను.

విజయవాడ బస్టాండులో పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కితే రెండు గంటల్లోపే దించేస్తుంది. ఎడమవైపు సీటా, కుడివైపు సీటా అని నేను తేల్చుకునేలోపే రోడ్డు పక్కన ఆకాశమంత ఎత్తు విగ్రహంగా పరిటాల ఆంజనేయస్వామి వచ్చేశాడు. బస్సులో సగం మంది లేచి దండం పెట్టుకున్నారు. కీసర దగ్గర మున్నేరు వంతెన దాటుతుంటే నీళ్లు ఎక్కడో అడుగున సన్నగా కనిపించాయి. పెద్ద వరదల్లో ఈ ఏరు పొంగి హైవే మీదికే వచ్చిందని, లారీలన్నీ బారులు తీరి ఆగిపోయాయని పక్క సీటు ఆయన చెప్పాడు. కిందికి చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

జగ్గయ్యపేటలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాను. చట్నీ ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగినా రెండోసారి వేయించుకున్నాను. సుజాత వాళ్ల ఊరికి షేర్ ఆటోలు తిరుగుతాయి, జనం నిండితేనే కదులుతాయి. డ్రైవరు నా చెప్పులు చూసి, "వాగు కాడికేనా అండీ? అయితే ఆ చెప్పులు ఇయ్యాళతో సరి" అని తీర్పు చెప్పేశాడు. ఆయన మాటే నిజమైంది.

ఊరి మొదట్లో వాగు మీద మూడు తూముల కల్వర్టు ఉంది. దానికి ఎగువన, గట్టును ఆనుకుని ఉన్న లేతపచ్చ ఇల్లు సుజాత అక్క రూతు గారిది. ముందు గదిలోనే కుట్టుమిషను. ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్లాల్సిందే. గోడ మీద నా నడుము ఎత్తున ఇంకా మట్టి చార కనిపిస్తోంది. "పోయిన వానాకాలం అంతవరకు వచ్చినియ్యండి నీళ్లు. బియ్యం బురదైపోయినయ్. మిషను తుప్పు పట్టింది. పొలంలో ఇసక మేట" అంది. ఎవరు తెప్పించారని అడిగా. "ఇంకెవరు? మేమే!" అని గలగలా నవ్వింది.

సంగతేమిటంటే, ఇటువైపంతా పత్తి. ఏరడం అయిపోయాక కట్టె పీకి, కాల్చే ఓపిక లేనివాళ్లు వాగులో పడేస్తారు. వానొస్తే అదే కొట్టుకుపోతుందిలే అని ధీమా. వాన రానే వచ్చింది, కట్టె కొట్టుకుపోయింది కూడా, కానీ తూముల దాకానే. అక్కడ అడ్డంపడి, దానికి గడ్డీ ప్లాస్టిక్కూ చుట్టుకుని, చక్కగా ఆనకట్ట కట్టేసింది. పై పొలాల నీళ్లన్నీ వెనక్కి తన్ని రూతు గారి వీధిలో దూరాయి. ఆ కట్టెలో వాళ్ల రెండెకరాలదీ ఉంది.

ఇప్పుడు ఆవిడకు ఒకటే బెంగ. భర్త ప్రభుదాసు గారు నందిగామలో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. ఇంకోసారి ఇంట్లోకి చుక్క నీళ్లొచ్చినా ఊరొదిలేద్దామని, అక్కడ అద్దెకు ఇల్లు కూడా చూసి పెట్టారు. ఆ ఇంటివాళ్లకు ఏ సంగతో సాయంత్రంలోగా చెప్పాలి. "అక్కడ నన్నెవరు ఎరుగుదురు టీచరు గారూ? జాకెట్లు ఎవరిస్తారు?" అంది రూతు గారు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

చర్చి మైకులో పిలుపు వినిపించగానే జనం వాగులోకి దిగారు. ఇక్కడి పద్ధతి నాకు భలే నచ్చింది. ఎవరి కట్టె వాళ్లే లాగాలి, కానీ ఎవరిది ఏదో చెప్పగలిగే నాథుడు లేడు కాబట్టి అందరూ అన్నీ లాగారు. పాస్టరు గారు లుంగీ ఎగ్గట్టారు. రామాలయం పెద్దాయన గట్టు మీద నుంచి ఆజ్ఞలు జారీచేస్తుంటే, "దిగి చెప్పు మామా!" అని కేకేసి ఆడవాళ్లు ఆయన్నీ దింపారు. నేనూ ఓ మోపు మోసి, బురదలో ఒక చెప్పు సమర్పించుకున్నాను. మధ్యాహ్నం చర్చి ఆవరణలో బగారన్నం, కోడికూర, పప్పుచారు. మూడుసార్లు వడ్డించుకున్నాను, సిగ్గేమీ పడలేదు.

విస్తళ్లు ఎత్తుతుండగా వాన మొదలైంది. ఓ అరగంట దంచికొట్టింది. తెరిపిచ్చేసరికి ఊరంతా కల్వర్టు మీదే ఉంది. ఎర్రటి నీళ్లు నురగతో వచ్చాయి. రెండు తూముల్లో సాఫీగా పోయాయి. మధ్య తూము దగ్గర మాత్రం సుడి తిరిగి పైకి లేవడం మొదలైంది. రూతు గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రోజు మిల్లుకు సెలవు పెట్టిన ప్రభుదాసు గారు, ఇంకో నలుగురు నడుముకు తాళ్లు కట్టుకుని, పైనుంచి పొడుగాటి కొక్కేలతో తవ్వి లాగారు. ఏదో పెద్ద రేకులాంటిది బరబరమంటూ బయటికొచ్చింది. గట్టు మీద పరిస్తే ఫ్లెక్సీ! అందులో కళ్లజోడు పెట్టుకుని, చేయి ఊపుతూ, పుట్టినరోజు శుభాకాంక్షలు అందుకుంటున్నది సాక్షాత్తూ ప్రభుదాసు గారే.

కుర్రాళ్లు కట్టిన ఆ ఫ్లెక్సీని ఆయనే పత్తి కుప్ప మీద కప్పి, తర్వాత గట్టున వదిలేశారట. "బావా, నువ్వే అడ్డం పడుకున్నావా!" అని సుజాత అరిచేసరికి కల్వర్టు మీద నవ్వులు ఆగలేదు. పాస్టరు గారు పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయారు. ఈలోపు మధ్య తూములోంచి నీళ్లు ఒక్క ఉదుటున అవతలికి దూకాయి. ఇవతల నీటిమట్టం చూస్తుండగానే దిగిపోయింది. రూతు గారి గడప తడవలేదు.

ప్రభుదాసు గారు చేతులు తుడుచుకుని ఫోన్ తీశారు. "నమస్తే అండి, నందిగామ ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చుకోండి. మేం రావట్లేదండి. ఆఁ... లేదండి, మా ఆవిడకి ఈడ పని బాగా ఎక్కువైపోయింది" అన్నారు. రూతు గారు వినీ విననట్టు కొంగుతో మొహం తుడుచుకుని, "నుంచున్నది చాలు, టీ పెడతా రండి" అంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇంతటితో వరద భయం తీరిపోయిందని నేను రాయను. రేపు కృష్ణ నిండితే ఈ వాగు కలిసే పాలేరు వెనక్కి తన్నుతుంది, పాలేరు తంతే ఈ వాగూ తంతుంది. ఆ నీటిని ఏ కొక్కెమూ ఆపలేదు. వాళ్లకూ ఆ సంగతి తెలుసు. తాము వేసిన అడ్డు మాత్రం తామే తీసుకున్నారు, తీస్తూ తమను చూసి తామే నవ్వుకున్నారు. నేను చూసిన తిరునాళ్లలో ఇంత సంతోషంగా జరిగినది ఇంకోటి లేదు. సోమవారం పుస్తకం తెరవకుండా, కూర్చోవాలని కూడా తోచక, పిల్లలకు పాఠం మొత్తం నిలబడే చెప్పాను.

వానాకాలంలో దగ్గర్లోని వేదాద్రి గుడికో, ఈ పల్లెలకో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతే కదా అని బండి దింపకండి. ఊరివాళ్లు ఇవతల ఆగి ఉంటే మీరూ ఆగండి. ఇక్కడ ఆగినవాళ్లను అన్నం పెట్టకుండా పంపరు.