రాజోలు డాక్టరమ్మ ఇచ్చిన చీటీ

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి నుంచి రాసుకుంటున్న డైరీలో కూడా రాయలేదు. అమ్మకు గర్భసంచి తీయించే తొందర లేదని ఒక డాక్టరమ్మ నాతో చెప్పింది. నేను దాచాను. నాలుగేళ్ళుగా మోస్తున్నాను.

అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఏడు రెండు నెలల సెలవు మీద వచ్చింది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని పెద్దాసుపత్రిలో చూపిస్తే ఆపరేషన్ అన్నారు. ఆరోగ్య కార్డు మీద అంతా ఉచితం. మా వీధిలో అప్పటికే ముగ్గురు చేయించుకున్నారు. ఎప్పుడు అని అందరూ అడిగారు, ఎందుకు అని ఎవరూ అడగలేదు. డబ్బు కట్టాల్సి వస్తే ఇంకో ఇద్దరికైనా చూపించేవాళ్ళం కదా?

అమ్మ ఆసుపత్రిలో చేరడానికి రెండు రోజుల ముందు నాకు జ్వరం వచ్చి రాజోలులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ స్కాన్ రిపోర్టు సంచీలోనే ఉంది. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. ఆ రోజు ఎలా తీసి ఇచ్చానో!

"మీ అమ్మగారికి వయసెంతమ్మా?"

"నలభై ఒకటండి."

"అప్పుడే తీయించేస్తారేంటి! చిన్న గడ్డే కదా. మూడు నెలలు మాత్రలు వాడి చూడొచ్చు. ముందు ఓసారి ఆవిణ్ణి తీసుకురా."

"ఆయ్," అన్నాను.

ఆ మాటే చీటీ మీద రాసిచ్చింది. బస్సులోనే దాన్ని చదువుతున్న నవల మధ్యలో పెట్టేశాను. ఇంటికి రాగానే అమ్మ "ఏమన్నారే డాక్టరుగారు?" అంది. మామూలు జ్వరమేనని చెప్పాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? మాత్రలకు కార్డు పనికిరాదని, ఆపరేషన్‌కు కార్డు మీద వచ్చిన అనుమతి పోతే మళ్ళీ మొదటి నుంచి తిరగాలని నాకు నేను చెప్పుకున్నాను. అవి నిజాలే. కానీ ఆపరేషనైతే ఆరు నెలలు బరువులెత్తకూడదట. అంటే అమ్మకు కువైట్ వెళ్ళడం కుదరదు. నా పదకొండో ఏటి నుంచి ఎక్కువగా ఫోన్‌లోనే చూసిన అమ్మ ఇంట్లో ఉండిపోతుంది. ఆ ఆశే నా నోరు నొక్కిందా? లేక అందరూ మంచిదంటున్నదాన్ని కాదనే ధైర్యం లేకనా? ఎంత విడదీసి చూద్దామన్నా రెండూ కలిసిపోతాయి.

అమ్మ ఉండిపోయింది. అండాశయాలు కూడా తీసేశారని తర్వాత కాగితాల్లో చదివాను. ఇప్పుడు ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయంటూ వంట మధ్యలో అరుగు మీదకు వచ్చి కూర్చుంటుంది. నలభై అయిదుకే మోకాళ్ళు పట్టుకుని లేస్తుంది. ఆ డాక్టరమ్మ అమ్మను చూడనే లేదు, ఆవిడ అనుకున్నదే తప్పు కావచ్చు. అయితే చూపించడానికి నాకేమైంది? కార్డును తిట్టుకుందామంటే, పక్కింటి తాతగారి గుండెను నిలబెట్టింది కూడా ఆ కార్డే.

పైసా ఖర్చు లేకుండా దేవుడు బాగుచేసేడని అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు. నిన్న మా పిన్నికి కూడా అదే ఆపరేషన్ రాశారు. పొద్దున నాకు జడ వేస్తూ అమ్మ అంది:

"పిన్నికి కూడా నువ్వే తోడెళ్ళవే. కాగితాలన్నీ చదివి, నాకు చేయించినట్టే దగ్గరుండి చేయించు."