తాండూరు నుంచి తెచ్చిన తోలు సంచి

దయ్యాల మాట ఎత్తితే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది. మా ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్ళు. వాళ్ళందరితో చిన్నప్పటి నుంచీ కొట్లాడినవాణ్ణి నేను. వికారాబాద్ స్టేషన్లో గూడ్సు క్లర్కుగా పనిచేసినన్నాళ్ళూ శవాలను పూడ్చే బొందలగడ్డ పక్క దారినే డ్యూటీకి నడిచిపోయాను. నాకేమీ కనిపించలేదు. నేను చెప్పబోయే ఈ సంగతిలో కూడా నాకేమీ కనిపించలేదు. అదే నా కోపం. ఏదైనా కనిపించి ఉంటే కనీసం దాని మీద అరిచేవాణ్ణి.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. ఒక మధ్యాహ్నం పై అధికారి చేత నలుగురి ముందు మాట పడి ఇంటికొచ్చాను. అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది. నా భార్య సుగుణకు అప్పుడు నాలుగో నెల. ఆమె ఏదో అంది, ఏమందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. చెంప మీద కొట్టాను. పెళ్ళయిన మూడేళ్ళలో అదే మొదటిసారి. అదే చివరిసారి అని కూడా చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాను.

మర్నాడు ఆమె ప్యాసింజరు ఎక్కి తాండూరులో వాళ్ళన్న దగ్గరికి వెళ్ళిపోయింది. అన్న పేరు నర్సిరెడ్డి. బండల వ్యాపారం. సుగుణకు తల్లీ తండ్రీ లేరు, ఉన్నదల్లా అతనొక్కడే.

పది రోజులు చూసి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. నర్సిరెడ్డి నన్ను కూర్చోబెట్టాడు, చాయ్ ఇప్పించాడు, ఒక్క కసురు మాట కూడా అనలేదు. చివర్లో మాత్రం, "నీ చెయ్యి నీ మాట ఇంటదా బావా? ఇన్ననాడు రా. చెల్లెను నేనే తోలిస్త," అన్నాడు. సుగుణ తలుపు వెనకే నిలబడింది. చీర కుచ్చెళ్ళు కనిపిస్తున్నాయి. బయటికి మాత్రం రాలేదు.

ఒళ్ళు మండిపోతూ స్టేషనుకు నడుస్తున్నాను. గోనెసంచుల గోదాముల వెనక ఒక పాత సామాన్ల దుకాణం ఉండేది. దాని ముందు వాసానికి వేలాడుతోంది ఒక తోలు సంచి. మనిషి మొండెమంత పొడవు, కుట్లు ఊడి, బూజు పట్టి, ఒకవైపు చిరిగి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. హైదరాబాద్ హాస్టల్లో చదివేటప్పుడు రెండేళ్ళు బాక్సింగ్ నేర్చుకున్నాను. అది గుద్దులు సాధన చేసే సంచి.

దుకాణం సాయిబుకు అదేమిటో తెలియదు. గుర్రాలకు దాణా పోసేదేమో అనుకుంటున్నాడు. నిజాం ఫౌజును ఎత్తేసినప్పుడు బ్యారక్‌లలోని సామాను వేలం వేశారట, అది నాలుగు చేతులు మారి అతని దగ్గర తేలింది. సంచితో పాటు గట్టిపడిన ఒక జత గ్లౌజులు, తుప్పు పట్టిన గొలుసు కూడా ఉన్నాయి. మొత్తం కొనేశాను. చెయ్యి మాట వినాలంటే దానికి ఏదో ఒక పని చూపించాలి కదా అనుకున్నాను. బండి చివర గార్డు ఉండే బ్రేకు వ్యాన్‌లో వేయించి ఇంటికి తెచ్చుకున్నాను.

బాగు చేయించింది ఎల్లయ్య చేత. మర్పల్లి మనిషి, వికారాబాద్ మార్కెట్ ఎదురుగా చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. తోలు పనిలో అంత నిదానం ఉన్న మనిషిని నేను చూడలేదు. సంచిని నీళ్ళలో నానబెట్టనివ్వలేదు. తడిగుడ్డతో బూజు తుడిచి, నీడన ఆరబెట్టి, రోజూ పొద్దున గోరువెచ్చని ఆముదం పట్టించాడు. వారానికి చెక్కలా ఉన్న తోలు మెత్తబడింది. ఊడిన కుట్లన్నీ మైనం పట్టించిన దారంతో మళ్ళీ వేశాడు. చిరిగినచోట, వేలాడదీస్తే నా భుజం కంటే కొంచెం కిందగా వచ్చేచోట, అరచెయ్యంత అతుకు వేశాడు. గొలుసును నేను కిరసనాయిల్లో నానబెట్టి రుద్దాను. గ్లౌజుల్లో పాత గుర్రపు వెంట్రుకలు తీసేసి కొత్త దూది కూరాము.

ఇక సంచిలో నింపేదేమిటి? లోపలున్నదంతా కుళ్ళిపోతే కాల్చేశాము. ఇసుక పోస్తే గడ్డకట్టి మణికట్టు విరుగుతుంది, గడ్డి అయితే అణిగిపోతుంది. మెత్తటి పాత బట్టలు దట్టించి కూరితేనే దెబ్బను తట్టుకుంటుంది. అటక మీద ఒక మూట ఉన్నట్టు గుర్తొచ్చింది. దించి విప్పితే ఏడెనిమిది పాత చీరలు, మడతల మధ్య వేపాకు. ఇంతకంటే ఏం కావాలని ఎల్లయ్య ముందు పడేశాను.

ఎల్లయ్య ఒక చీర చేతిలోకి తీసుకుని మడత విప్పి చూశాడు.

"అమ్మనడిగినవా సారు? ఇవి బొంతకు దాసినట్టున్నయి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా ఇంట్లో పాత గుడ్డలకు నేను ఒకరి అనుమతి తీసుకోవాలా? నీ పని నువ్వు చూసుకోమని కసిరాను. అతను తోలు కుట్టే ఆరె పక్కన పెట్టి, సంచి మాత్రం నన్నే నింపుకోమన్నాడు, మూతి కుట్టి ఇస్తానన్నాడు. నేనే కూరాను. కాలితో తొక్కి మరీ కూరాను.

ఒక గురువారం వరండా దూలానికి సంచిని వేలాడదీశాను. ఆ రోజు నుంచి పొద్దున డ్యూటీకి ముందు, సాయంత్రం వచ్చాక, చెమటలు కారేదాకా గుద్దేవాణ్ణి. ఎల్లయ్య వేసిన అతుకే నా గురి. నిజం చెప్పాలంటే హాయిగా ఉండేది. ఆఫీసులో నా గొంతు తగ్గింది. ఏమయ్యా, ఎవరి మీదా అరవడం లేదు, ఒంట్లో బాగుందా అని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. మధ్యలో ఆరు రోజులు జహీరాబాద్‌కు బదులు డ్యూటీకి పంపారు, ఆ ఆరు రోజులే సంచి ముట్టుకోలేదు. తిరిగొచ్చాక ఆ బాకీ కూడా తీర్చుకున్నట్టు గుద్దాను. ఇంకో పదిహేను రోజులాగి తాండూరు వెళ్దాం, నా చెయ్యి ఇప్పుడు నా మాట వింటోందని చెబుదాం అనుకున్నాను.

అంతకు ముందే నర్సిరెడ్డి వచ్చాడు. పొద్దున ప్యాసింజరు దిగి నేరుగా గూడ్సు షెడ్డులోకి వచ్చి, హమాలీలందరి ముందు నా కాలర్ పట్టుకున్నాడు.

"నేను ఇంట్ల లేంది చూసి దొంగ లెక్క వచ్చి కొడ్తవా?"

నాకేమీ అర్థం కాలేదు. అతను చెప్పిందేమిటంటే, సుగుణ ఎడమ చేతి మీద కమిలిన మచ్చలు. రోజూ కొత్తవి. ఎట్లా వచ్చాయని అడిగితే తెలియదంటుంది. అతను పగలంతా బండల గని దగ్గర ఉంటాడు, భార్య పొలం పోతుంది. నేను రైల్వేవాణ్ణి, నాకు పాసు ఉంది. మధ్యాహ్నం బండిలో వచ్చి కొట్టి పోతున్నానని, మొగుణ్ణి కాపాడటానికి చెల్లెలు దాస్తోందని అతని నమ్మకం.

ఆ రోజు నాకొచ్చిన కోపం మాత్రం న్యాయమైన కోపం. చెయ్యని తప్పుకు నలుగురిలో నా కాలర్ పట్టుకున్నాడు. హాజరు పట్టీ తెచ్చి అతని మొహం మీద పెట్టాను. ఒక్క రోజు నాగా లేదు. స్టేషన్ మాస్టరు కూడా వచ్చి, జహీరాబాద్‌లో ఉన్న ఆరు రోజులు తప్ప ఈయన రోజూ నా కళ్ళ ముందే ఉన్నాడని చెప్పాడు. నర్సిరెడ్డి చెయ్యి వదిలాడు కానీ చూపు వదల్లేదు. పద, నీ చెల్లెలినే అడుగుదామని సెలవు పెట్టి అతనితో బండెక్కాను.

సుగుణ చెయ్యి చూశాను. మోచేతికి పైన, భుజం కంటే కొంచెం కిందగా, అన్నీ ఒకే చోట. పాతవి పసుపు రంగుకు తిరిగాయి, వాటి మీద కొత్తవి నల్లగా కమిలాయి. అంతా కలిపి అరచెయ్యంత. ఎప్పటి నుంచి అని అడిగాను. ఒక గురువారం అని చెప్పింది. మధ్యలో ఒక వారం కొత్తవి రాలేదని, తగ్గిపోయిందనుకున్నామని నర్సిరెడ్డి భార్య చెప్పింది. ఏ వారమో నేను అడగలేదు. నా లెక్క నాకుంది.

అప్పటికే డాక్టరుకు చూపించారు. కడుపుతో ఉన్నవాళ్ళకు రక్తం పలచబడితే ఇట్లా కమిలిపోవచ్చని టానిక్కు రాసిచ్చాడు. ఆ మాటే గట్టిగా పట్టుకున్నాను. నేను మారానని చూపించుకోవడానికి సంచి సంగతంతా చెప్పాను. ఎట్లా కొన్నది, ఎట్లా బాగు చేయించింది, రోజూ ఎట్లా గుద్దుతున్నది అన్నీ చెప్పాను.

సుగుణ అంతా విని, లోపల ఏం నింపారని అడిగింది.

అటక మీది మూట అన్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అవి వాళ్ళమ్మ చీరలు. మా వైపు పుట్టబోయే పిల్లలకు అమ్మమ్మ, నాయనమ్మల మెత్తటి పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుడతారు. తల్లి లేని పిల్ల కాబట్టి, రెండేళ్ళ నుంచీ ఆ చీరలు వేపాకు వేసి దాచుకుంది. నేను వాటిని కాలితో తొక్కి కూరి, రెండు పూటలా గుద్దాను.

మధ్యాహ్నం బండికే ముగ్గురం వికారాబాద్ వచ్చాము. సుగుణ కాళ్ళు కూడా కడుక్కోకుండా వరండాలోకి పోయి, బ్లేడుతో ఎల్లయ్య వేసిన కుట్లన్నీ తెంచింది. ఒక్కొక్క చీరా బయటికి లాగి ఒళ్ళో పెట్టుకుంటోంది. నర్సిరెడ్డి తల తిప్పుకుని ఏడుస్తున్నాడు. నాకు సిగ్గు వేసింది. సిగ్గు వేస్తే నాకు కోపమే వస్తుంది. అరిచాను. తెలియక చేశానన్నాను. నేను గుద్దింది తోలు సంచిని, నిన్ను కాదు అన్నాను.

ఆమె తలెత్తి, చాలా మెల్లగా అడిగింది.

"కొట్టేటప్పుడు ఎవర్ని యాదిల పెట్టుకొని కొట్టిన్రు?"

నేను వెళ్ళి దూలానికి కట్టిన గొలుసు విప్పాను.

ఆ తర్వాత కొత్త మచ్చ ఒక్కటి కూడా రాలేదు. టానిక్కు పనిచేసిందని డాక్టరు అన్నాడు. కావచ్చు. ఆమె చీరలు ఉతికి, ఆరేసి, బొంత కుట్టుకుంది. బిడ్డ పుట్టింది, ఆ బొంత మీదే పెరిగింది. ఖాళీ తోలును ఎల్లయ్యకు ఇవ్వబోతే ముట్టుకోలేదు.

ఈ సంగతి విన్నవాళ్ళు కొందరు, మళ్ళీ ఒక గుద్దు గుద్ది చూడాల్సింది, నిజం తేలిపోయేది కదా అంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి చెయ్యి మీద తేలాలి ఆ నిజం?

మచ్చలు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గురువారానికి, ఆ ఆరు రోజులకు నా దగ్గర సమాధానం లేదు. సుగుణ అడిగినదానికి మాత్రం ఆ రోజే జవాబు తెలుసు. ఆ అతుకు మీద గుద్దిన ప్రతిసారీ నా కళ్ళ ముందున్నది పై అధికారి కాదు, నర్సిరెడ్డి కాదు. తలుపు వెనక నిలబడి బయటికి రాని సుగుణ. ఆ మాట ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. నా భార్యను ఒక్కసారే కొట్టానని చెప్పుకోవడం మాత్రం మానేశాను.