పేపరు చదువుతుంటే అడ్డుపడే అన్న

ఈ ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, పరాయి రాష్ట్రంలో మేము స్థిరపడ్డ అడాజన్ పేటలోని మా ఇంట్లో నేను పాలు కాస్తుండగా, మనవరాలు తన పుస్తకంలోని ‘హెకిల్’ అనే ఇంగ్లీషు క్రియకు అర్థం అడిగింది. మాట్లాడేవాణ్ని మధ్యలో ఆపి నిలదీయడమని చెప్పాను గానీ, అనుమానం తీరక వెతికి చూశాను. మొదట్లో ఆ మాటకు నారను ఇనుప పళ్ల దువ్వెనతో చిక్కు తీయడమని అర్థమట. స్కాట్లాండులో ఆ పనివాళ్లు ఒకరిచేత పత్రిక చదివించుకుంటూ, చదివేవాణ్ని ప్రశ్నలతో ఆపేవారని, రెండో అర్థం అలా వచ్చిందని అంటారు.

పోయిన నెల కన్నుమూసిన మా అన్న గుర్తొచ్చాడు.

నలభై ఏళ్ల కిందట కరీంనగర్ పక్క పల్లె నుంచి వచ్చి ఇద్దరం ఈ ఊళ్లోనే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లం. కరెంటు ఉండని వారపు సెలవునాడు మా గదిలో ఉండే పదిమందిమీ కూర్చుంటే, రెండు రోజులు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు నేను పైకి చదవాలి. అన్నకు అక్షరాలు రావు. మంత్రి ఎండిన చెరువు చూశాడని చదివితే, “జర ఆగు తమ్మీ, మంత్రి కారు దిగిండా, కార్లనే కూసోని చెరువు చూసిండా? గది రాసిన్రా?” అనేవాడు. అందరూ నవ్వేవారు, నాకు ఒళ్లు మండేది.

ఒక వానాకాలం, గోడ కూలి ఒక ముసలామె వరంగల్ ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉందన్న వార్త వచ్చింది. ఆమె, నా ఎదురుగా కంచం ముందు కూర్చున్న తోటి పనివాడి తల్లి. తినబోయేవాడికి చెడ్డకబురు చెప్పకపోవడం మా వైపు అలవాటు కనుక, పేరూ ఊరూ దాటేసి చదివాను.

“ఏ ఊరు?” అన్నాడు అన్న.

రాయలేదన్నాను.

“ఊరు రాయకుంట పేపరోడు వార్త రాస్తడా? మల్ల సదువు.”

పేర్లతో చదవక తప్పలేదు. అతను కంచం ముందు నుంచి లేచి మధ్యాహ్నం బండి అందుకున్నాడు. మళ్లీ బండి రెండు రోజుల దాకా లేదు. అతను చేరిన మర్నాడే తల్లి పోయింది.

నేను మాత్రం అన్న నన్ను పదిమందిలో అబద్ధాలవాణ్ని చేశాడని అలిగి, రెండు నెలలు పేపరు ముట్టలేదు. అన్నాళ్లూ అన్న పేపరు కొని, మడత విప్పకుండా నా చాప మీద పెట్టేవాడు. నువ్వు అడగడమే మంచిదైందని ఆయనతో ఏనాడూ అనలేదు.

ఇప్పుడు వార్తలు ఫోనులో వస్తాయి, ఎవరివి వాళ్లు చూసుకుంటారు. మా ఇంట్లో పేపరు పైకి చదివేవాళ్లూ లేరు, మధ్యలో ఆపి అడిగేవాళ్లూ లేరు.