మా ఊళ్లో నేను చెడగొట్టిన పాట

ఆ గ్యాలరీ ఇంకా ఊళ్లు తిరుగుతోంది. ఇది రాయడానికి కారణం అదే.

నేను ఒక రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాణ్ణి. జహీరాబాద్ ప్రోగ్రాంలో నేను తాళం తప్పిన వీడియో మా మండలంలో చాలామంది ఫోన్లలో ఉంది. నా గురించి ఎవరేమనుకున్నా ఇప్పుడు పెద్ద పట్టింపు లేదు. కానీ నా స్టూలు మీద ఇప్పుడు మరొకరు కూర్చుంటున్నారు. అతనికీ, అతనికి ఎదురుగా ఆ మెట్ల మీద కూర్చోబోయే వాళ్లకూ, ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలియాలి. నోటితో చెప్పి చూశాను, నవ్వారు. కాగితం మీద ఉంటే ఎప్పుడో ఎవరో చదువుతారు. నేను కూడా ఎవరో రాసిపెట్టింది చదివే తెలుసుకున్నాను.

ఇంటర్ మధ్యలో మానేశాను. పెళ్లిళ్ల బ్యాండులో సైడ్ డ్రమ్ కొట్టుకుంటూ, ముహూర్తాలు లేని రోజుల్లో మా ఊరి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. దినపత్రికల కోసం వచ్చే పెద్దమనుషులు ఫ్యాను కింది కుర్చీలన్నీ పట్టుకునేవారు. నాకు గోడవార బెంచీ దక్కేది, దాని పక్కనే సైన్సు బీరువా ఉండేది. నా చదువంతా ఆ బీరువాలోదే. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో ఉయ్యాల గురించి ఉంది. ఉయ్యాలను ఊపడానికి పెద్ద బలం అక్కర్లేదు. అది వెనక్కి వచ్చి తిరిగే క్షణానికి వేలితో తోసినా చాలు, తోసిన ప్రతిసారీ ఊపు పెరుగుతూ పోతుంది. ప్రతి కట్టడానికీ అట్లా తనదైన ఊపు ఒకటి ఉంటుందట. అందుకే సైనికులు వంతెన దాటేటప్పుడు కవాతు ఆపి, ఎవరి అడుగు వాళ్లు వేస్తారట. డ్రమ్ములు కొట్టేవాడిని కాబట్టి ఆ పేజీ నాకు కంఠతా వచ్చింది.

తర్వాత ఈ రాక్ బ్యాండులో చేరాను. మా టూరు షోలాపూర్‌లో మొదలై, హైవే వెంట తూర్పుకు వస్తూ, బీదర్ మీదుగా మా ఊరు జహీరాబాద్‌లో ముగియాలి. స్టేజీ, లైట్లు, గ్యాలరీ అన్నీ ఒకే కాంట్రాక్టరువి. మా వ్యాను ముందు, ఆ సామాను లారీ వెనక. గ్యాలరీ అంటే ఇనుప పైపుల చట్రం, దాని మీద మెట్లుమెట్లుగా చెక్క పలకలు. కుస్తీ పోటీలకు వేస్తారే, అటువంటిది. ప్రతి ఊళ్లో స్టేజీకి ఎదురుగా, కింది కుర్చీల వెనక దాన్ని నిలబెట్టేవారు.

షోలాపూర్‌లో నాకు ఏదో అయింది. పదేళ్లుగా వాయిస్తున్నాను, అంతకుముందు ఎప్పుడూ అట్లా కాలేదు. చేతులు నా కంటే ముందే దారి తెలుసుకుని పోతున్నట్టుంది. చెవిలో లెక్క వినిపించే చిన్న మిషన్ పెట్టుకుని వాయించే అలవాటు నాకు. మూడో పాటకల్లా దాన్ని తీసి జేబులో వేసుకున్నాను, మళ్లీ పెట్టుకోలేదు. మా పెద్ద పాట నడుమ గిటార్లు ఆగిపోయి, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒక్కటే మిగిలే చోటు ఉంది. నేను తెచ్చిన ముక్కే అది. జనం ఆ దెబ్బకు ఎగురుతారు, అందుకని దాన్ని దుంకుడు అనేవాళ్లం. మనిషి ఎగిరి మళ్లీ నేలమీదికి దిగడానికి కొంత సమయం పడుతుంది. దెబ్బ అంతకంటే ముందు పడితే ఎవరి గోల వాళ్లదవుతుంది. రెండో ఊరు ఉమర్గాలో నేను ఆ దెబ్బను కొద్దిగా నెమ్మది చేశాను. అంతే, మైదానమంతా ఒక్కసారిగా నేలమీదికి దిగింది. ఆ మోత నా స్టూలులోంచి వెన్నులోకి ఎక్కింది. పాట అయ్యాక మా పాటగాడు నా భుజం పట్టుకుని, "నీకేదో సోకింది సాబ్. ఇడిపించుకోకు," అన్నాడు. పుస్తకాలు చదువుతానని వాళ్లు నన్ను లైబ్రరీ సాబ్ అనేవారు.

హుమ్నాబాద్‌లో మొదటిసారి లైటు కదలడం చూశాను. గ్యాలరీ పై మెట్టుకు ఒక కర్ర కట్టి, దాని కొసన పెద్ద లైటు పెట్టేవారు. దాని వెనక దూరంగా నీళ్ల ట్యాంకు ఉంది. దుంకుడు నడుస్తుండగా లైటు ట్యాంకు అంచు దాటి అవతలికి వెళ్లింది, మళ్లీ ఇవతలికి వచ్చింది. గాలి లేదు. నా కాలు పడిన ప్రతిసారీ అది వెనక్కి తిరుగుతోంది.

మర్నాడు పొద్దున గ్యాలరీ కిందికి దూరి చూశాను. పైపుకు పైపు కలిసే చోట ఇనుప పిన్నులు ఉండాలి. కొన్ని చోట్ల పిన్నులకు బదులు తీగ చుట్టి ఉంది. గ్యాలరీ బిగించే పనివాడు, న్యాల్‌కల్ వైపు మనిషి, వంగి చూశాడు.

"ఏం దేవులాడ్తున్నవ్ అన్నా కింద? ఏమన్న వడ్డదా?"

"పిన్నులేడ వోయినయ్?"

"ఊరికి ఒకటో రెండో పోతయ్. ఇప్పినప్పుడు మట్టిల వడ్తయ్. తీగ గట్టిగనే ఉంటది, ఫికర్ జెయ్యకు."

"నిన్న ఊగింది. నేను జూసిన."

"ఊగాలె. ఊగనిదే పటుక్కున ఇరుగుతది. చెరుకు జూడలేవా ఎన్నడు?"

మట్టి దులుపుకుంటూ బయటికి వచ్చాను. చెరకు గురించి అతను చెప్పింది నిజమే.

వ్యానులో నేను సైనికుల సంగతి చెప్పాను. పాటగాడు వెనక్కి తిరిగి అన్నాడు: "మనోళ్లు రేషన్ కాడ లైన్ల నిలబడితెనే గొప్ప సాబ్. కవాతు ఏడ జేస్తరు?" అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. మేనేజరు ముందు సీట్లోంచి, "కొట్టుడు నువ్వు జూస్కో అన్నా. కూసునెటోళ్లను నేను జూస్కుంట," అన్నాడు.

బీదర్‌లో నేను నా జీవితంలోకెల్లా బాగా వాయించాను. ఆ వీడియో కూడా ఉంది, కానీ ఇప్పుడు మా ఊళ్లో దాన్ని ఎవరూ పంపుకోరు. దుంకుడులో లైటు మరీ దూరం పోతుంటే నేను కాలు ఆపేశాను. చేతులు కూడా ఎత్తేశాను. ఆగలేదు. జనం చప్పట్లతో అదే దెబ్బను పట్టుకుని ఎగురుతూనే ఉన్నారు. నేను నేర్పిన నడక అది, ఇక నా అవసరం లేదు. చేతులు పైకెత్తుకుని కూర్చున్న నన్ను చూసి అదొక స్టైలనుకున్నారు, ఇంకా గట్టిగా ఎగిరారు. అలిసిపోయి వాళ్లే ఆగారు.

జహీరాబాద్‌లో దుంకుడు తీసేద్దామని అడిగాను.

"పోస్టర్ల మీద అదే ఏసినం," అన్నాడు మేనేజరు. "మీ ఊర్ల నీ ముక్కనే తీసేస్తే మీవోళ్లు మన వ్యాను కదలనియ్యరు."

సాయంత్రం మైదానంలో మనుషులు లారీల కొద్దీ దిగుతున్నారు. మొగుడంపల్లి నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. ఆడవాళ్లకు గ్యాలరీలో పై మెట్లు కేటాయించారు. మా అమ్మ నా ప్రోగ్రాం చూడటం అదే మొదటిసారి. చిన్నమ్మతో కలిసి అప్పటికే పైకి ఎక్కుతోంది. నేను పరుగెత్తి ఆపాను.

"అమ్మా, కింద కుర్చీలల్ల కూసో."

"కింద కూసుంటే నువ్వేడ కనవడ్తవ్ బిడ్డా? నీ ముందట గన్ని డబ్బలు వెట్టుకుంటివి."

చిన్నమ్మ అందుకుంది: "పెండ్లి బ్యాండుల ఉన్నప్పుడే నయముండె. నడుసుకుంట కొడ్తుంటె మొకమన్న కనవడేది."

"జర నా మాటిను చిన్నమ్మా."

"పో రా. మైకు పిలుస్తున్నది."

అమ్మ పై మెట్టు మీద, లైటు కర్రకు దగ్గరగా కూర్చుంది. ఆకుపచ్చ చీర. దాని వెనక దూరంగా సెల్ టవర్ మీద ఎర్ర దీపం.

మొదటి పాటలు బాగా సాగాయి. మా ఊరివాళ్లు నా పేరు పెట్టి అరుస్తున్నారు, ఆ అరుపు నా చేతి కర్రల్లోకి వచ్చి చేరుతోంది. పెద్ద పాట వచ్చింది. గిటార్లు ఆగాయి. దుంకుడును ఈసారి వేగంగా కొడదామని, అప్పుడు ఎవరూ కలిసి ఎగరలేరని ముందే అనుకున్నాను. వేగంగానే మొదలుపెట్టాను. కానీ వీడియోలు చూసి వచ్చిన జనం. వాళ్లకు ఆ నడక ముందే తెలుసు. వాళ్లే నెమ్మదిగా ఎగరడం మొదలుపెట్టారు, నా కాలు వాళ్ల వెనక నడిచింది. బీదర్ కంటే బాగుంది. ఇంత బాగా మళ్లీ ఎప్పుడూ వాయించనని కూడా ఆ క్షణంలో తెలిసింది.

లైటు కర్ర ఎర్ర దీపాన్ని కమ్మింది, వదిలింది. కమ్మింది, వదిలింది. ప్రతిసారీ ఇంకొంచెం దూరం జరుగుతోంది. దానితోపాటు ఆకుపచ్చ చీర కూడా పక్కకు పోయి వస్తోంది.

ఆపితే ఆగరని బీదర్‌లో చూశాను. మైకులో చెబితే, పైన ఉన్నవాళ్లంతా ఆ ఇరుకు మెట్ల మీద ఒక్కసారి పరుగు తీస్తారు. ఇక మిగిలింది ఒకటే. వాళ్ల కాళ్లకు దారి లేకుండా చేయాలి.

దెబ్బను పడాల్సిన చోట వేయలేదు. పక్కన వేశాను. తర్వాతది ముందే వేశాను. రెండు కలిపి కొట్టి, ఒకటి మింగేశాను. కర్రలు పట్టడం కూడా రాని కొత్తవాడిలా, చప్పట్లకు అడ్డంగా, పైనున్న ఇత్తడి తాళాలన్నీ గలగలలాడించాను. సరిగ్గా కొట్టడం నేర్చుకోవడానికి పట్టినంత కష్టం ఆ తప్పుగా కొట్టడానికి పట్టింది. చేతులు ఒప్పుకోలేదు, మాటిమాటికీ సరైన చోటికే పోబోయాయి. గాల్లో ఉన్నవాళ్లు తలా ఒకప్పుడు దిగారు. ఒకరిమీద ఒకరు తూలారు. చప్పట్లు చెదిరాయి. గిటారిస్టు తిరిగి నా మొహంలోకి చూశాడు. ముందు నవ్వు వచ్చింది, తర్వాత ఈలలు, ఆ తర్వాత ఒక నీళ్ల ప్యాకెట్ వచ్చి నా ముందున్న డ్రమ్ము మీద పగిలింది. నేను కొడుతూనే ఉన్నాను.

పాటగాడే కాపాడాడు. "మా సాబ్‌కు అమ్మ ముందట చెయ్యి వొణికింది," అన్నాడు మైకులో. "ఏం జేస్తం. కూసోండ్రి, అందరు కూసోండ్రి. మెల్లగ ఒక పాట వాడుకుందం."

నవ్వుతూ కూర్చున్నారు. లైటు ఇంకా కొంతసేపు అటూ ఇటూ పోయి, ఎర్ర దీపం పక్కన నిలబడింది.

స్టేజీ వెనక మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "సొంతూర్ల ఇజ్జత్ దీసినవ్ అన్నా."

నేను చూసింది చెప్పాను.

"కూలిందా?"

"లేదు."

"ఒక్కడన్న కింద వడ్డడా?"

"పడలే."

"మరి?"

ఇంటి దగ్గర అమ్మ అన్నం పెట్టింది. చేయి కడుక్కున్నాక అంది: "నడిమిట్ల ఎందుకట్ల పాడు జేసినవో గని బిడ్డా, నేనైతె నిన్ను జూడనే లేదు. కాళ్ల కింద పలకలు నోరు దెరుస్తుండె, మూస్తుండె. సందుల నుంచి కింద నేల కనవడ్డది. దాన్నే జూసుకుంట కూసున్న." చిన్నమ్మ మాత్రం, దిష్టి తగిలిందని తేల్చింది.

పొద్దున నేను మైదానానికి వెళ్లేసరికి గ్యాలరీ లారీకి ఎక్కేసింది. దాని ముందు వరస పైపులు నిలబెట్టిన చోట ఎర్రమట్టిలో గుంతలు ఉన్నాయి. పైపు గుండ్రంగా ఉంటుంది, గుంతలు కోలగా ఉన్నాయి. పిడికిలి పెట్టి చూశాను, అటూ ఇటూ ఖాళీ మిగిలింది. పనివాడిని పిలిచి చూపించాను. అతను గుంతలో వేలు పెట్టి చూశాడు. "మీ నేల మెత్తగున్నదన్నా," అని, కాలితో మట్టి తోసి పూడ్చాడు. లారీ ముంబై వైపు తిరిగింది.

వారం తిరగకముందే నా బదులు ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. నేనే అతనికి ఫోన్ చేశాను. మర్యాద తెలిసినవాడు.

"అన్నా, దుంకుడు మీ బీదర్ వీడియో జూసే నేర్చుకుంటున్న. స్పీడ్ అదే కదా?"

"ఆ స్పీడ్ వద్దు తమ్మీ. జర పెంచు."

"పెంచితే జనం లేస్తలేరన్నా. మొన్న జూసినం," అన్నాడు.

నేను చెప్పిందంతా విన్నాడు. విని, నవ్వాడు. అదే కాంట్రాక్టరు సామానుతో మళ్లీ టూరు మొదలైంది, ఇప్పుడు వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో రోజూ పోస్టర్లలో చూస్తుంటాను.

పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి. పేర్లు రాస్తే కొందరికి ఇబ్బంది, అందుకని మనుషులుగానే చెబుతాను. అట్ట లేని పుస్తకాన్ని పారేయకుండా దారంతో కుట్టి బీరువాలో పెట్టిన లైబ్రేరియన్ గారికి. గ్యాలరీ కింద నన్ను చూసి కూడా వెళ్లగొట్టని పనివాడికి. కూసోండ్రి అన్న పాటగాడికి. పలకల సందులోంచి చూసింది చూసినట్టు చెప్పిన మా అమ్మకు. ఆ నీళ్ల ప్యాకెట్ విసిరిన మనిషికి. నన్ను చూసి నవ్వి, కూర్చున్న మా ఊరివాళ్లందరికీ.