చివరి చుక్క మీద నిలబడ్డ సాయంత్రం

“అది ఈపాటికి ఏ గుట్టల్లోనో పడి సచ్చి ఉంటది. ఇగ లేదనుకో,” అన్నాడు మా బాపు.

“లేదనుకుంటే రేపు అర్బాబుకు ఏం చూపిస్తవ్, నీ మొకమా?” అంది మా అమ్మ.

“నేను తుపాకిల కుక్కల కోసం మొలలు పోసిన గని జింక కోసం పోసిన్నా?”

“మొలకేం ఎరుక, ఏది కుక్కో ఏది జింకో!”

నా చిన్నప్పుడు వాళ్లిద్దరూ అంత గొంతెత్తి కొట్లాడుకోవడం ఆ ఒక్కరోజే చూశాను. అప్పుడు మేము ఒమాన్‌లో, ఖురియాత్ దగ్గర ఒక తోటలో ఉండేవాళ్లం. బాపుది తోటపని, అమ్మది యజమాని ఇంట్లో వంట. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. ఆయన ముచ్చటపడి కంచె వేసి జింకలను పెంచేవాడు. వాటిని చూసుకునే డ్యూటీ బాపుదే. అందులో చూలు జింక ఒకటుంది, అదంటే అర్బాబ్‌కు ప్రాణం. అది పోయిందంటే బాపు వీసా క్యాన్సిల్, మేము ముగ్గురం మూటాముల్లె సర్దుకోవడమే.

తోటకు కాపలాగా ఒక ముసలి ఒమానీ ఆయన ఉండేవాడు. బాబా అని పిలిచేవాళ్లం. ఆయన దగ్గర తాతలనాటి తుపాకి ఉండేది, మూతిలోంచి మందు పోసి కడ్డీతో కూరాలి. చేతులు వణుకుతాయని ఆ పని బాపుతో చేయించుకునేవాడు. ఒక్క సీసం గుండే వేయమని చెప్పేవాడు. మా బాపుకేమో కుక్కల మీదికి సీసం దండగ అనిపించింది. మా ఊళ్లో అడవిపందుల మీదికి పోసినట్టు, తుప్పు మొలలు తుంచి పోశాడు. ఆ మధ్యాహ్నం ఊరకుక్కలు కంచె కింద తవ్వి దూరితే బాబా పేల్చాడు. గుండైతే గురిపెట్టిన చోటికే పోయేది. మొలలు చాటలో గింజలు చెరిగినట్టు చెదిరిపోయాయి. కుక్కలు తప్పించుకున్నాయి. జింక నెత్తురు కార్చుకుంటూ కంచె దూకింది.

బాపు కట్టె పట్టుకుని ఉరకబోతే అమ్మ ఆపింది. “తరిమితే ఇంకా దూరం పోతది. దాన్ని పండుకోనియ్యి. చాయ తాగి పోదాం,” అంది. ఇల్లు మునుగుతుంటే చాయ ఏమిటని బాపు పళ్లు నూరాడు. అయినా తాగాడు.

అమ్మను కన్న తండ్రి అడవిలో వేటాడి బతికినవాడు. ఆయన వెంట తిరిగిన పిల్ల కాబట్టి అమ్మకు నెత్తురు చదవడం వచ్చు. కంచె అవతల మొదటి చుక్కను వేళ్ల మధ్య రాసి, వాసన చూసింది. “నురుగు లేదు, ఊపిరికి తగల్లేదు. పేడ వాసన లేదు, కడుపుకు తగల్లేదు. కండల దిగింది. బతుకుతది. కాకుంటే గుండు దెబ్బయితే నెత్తురు దారి పోస్తది, మొల దెబ్బ పిసినారిది, చుక్కచుక్కే ఇస్తది,” అంది.

నిజంగానే ఎండిన వాగులోకి దిగేసరికి ఆ చుక్కలు కూడా ఆగిపోయాయి. అంతా రాళ్లే. మా వెంట వచ్చిన బాబా తల అడ్డంగా ఊపాడు. బాపు వెనక్కి తిరిగాడు. మొదట చెప్పిన కొట్లాట అక్కడే జరిగింది. అమ్మ మాత్రం నన్ను తెచ్చి చివరి చుక్క పక్కన నిలబెట్టింది. “ఇంకో చుక్క దొరికేదాకా కాలు కదిపినవో, ఇరగ్గొడుత!” అని, నా చుట్టూ సున్నాలు చుడుతూ, ఒక్కో చుట్టుకూ దూరం జరుగుతూ వెతికింది. నాకు దాహం, పాదాలకు చీమలు. అయినా కదల్లేదు. చివరికి తుమ్మకంప మీద మోకాలెత్తున ఒక మరక కనబడింది. నన్ను అక్కడికి మార్చింది. మళ్లీ చుట్లు, మళ్లీ ఇంకో చుక్క.

పొద్దు గుట్ట మీద వాలుతుండగా, బండ నీడలో రెండు చెవులు ఆడాయి! అమ్మ వంగి వంగి పోయి, చున్నీ దాని కళ్ల మీద కప్పి పట్టుకుంది. కళ్లు మూస్తే జింక పసిబిడ్డలా ఊరుకుంటుంది. “దొరికింది!” అని అమ్మ వేసిన కేకకు గుట్టలన్నీ బదులు పలికాయి. బాబా “మాషా అల్లా” అంటూ చేతులెత్తాడు. బాపు జింకను భుజాలకెత్తుకుని, “ఇంత విద్య ఉందని నాకెన్నడు చెప్పలేదేందే?” అన్నాడు.

“నువ్వెన్నడడిగినవ్?” అంది అమ్మ.

ఇంటికొచ్చి దాని తొడలోంచి మొలముక్కలు పీకి, ఉప్పునీళ్లతో కడిగి పసుపు అద్దింది.

ఇప్పుడు నేను పిసినారినని మా కోడలు అంటుంది. అననీ. కానీ సీసం వేయాల్సిన చోట మొల వేసి మిగిల్చానని ఏనాడూ మురిసిపోలేదు. చదివింది నాలుగో తరగతే అయినా, సంసారంలో దారి తప్పినప్పుడల్లా గాలికి ఉరకలేదు. నాకు ఖాయంగా తెలిసిన చివరి సంగతి దగ్గర నిలబడి, చుట్టూ చూసుకున్నాను. ఇప్పటిదాకా చెడిపోలేదు.

జింక దొరికిన మర్నాడు పొద్దున్నే అర్బాబ్ వచ్చాడు. జింక మూడుకాళ్ల మీద నిలబడి గడ్డి నములుతోంది. మొలలు తనే పోశానని, జింకను వెతికి పట్టింది అమ్మేనని బాపు దాచకుండా చెప్పాడు. అర్బాబ్ చాలాసేపు అరిచాడు. తర్వాత జింకల దొడ్డి తాళంచెవి బాపు చేతిలోంచి తీసుకుని, మా అమ్మ చేతిలో పెట్టాడు. బాపు నిమ్మచెట్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.