భూతద్దం మాస్టారి వెనక చూపు

భూతద్దం మాస్టారికి ఫోటోలో ముందున్న మనుషులు కనబడరు. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ నిలబెట్టి తీసిన ఫోటో చేతికిచ్చినా సరే, ఆయన చూపు వాళ్ళ భుజాల మధ్య నుంచి దూరి, వెనకాల గోడకి ఆనించిన నిచ్చెన మీద వాలుతుంది. "వీళ్ళ సంగతి సరే, ఆ నిచ్చెన ఎవరిది?" అంటారు.

బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో పాత ఫోటోలన్నీ చెదల పాలవుతున్నాయని బెంగపెట్టుకుని, ఇంటింటికీ తిరిగి నకళ్ళు తీయడం మొదలుపెట్టారు. పాత మనుషులవీ పాత ఇళ్ళవీ పెద్ద బొమ్మలుగా చేయించి, కింద పేర్లు రాసి, లైబ్రరీ హాలు గోడల నిండా పెడతారట. మెళ్ళో బూటులేసుకి కట్టిన భూతద్దం, చంకలో పొడుగు నోటుబుక్కు, భుజాన కెమెరా. మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ ఆయన వీధి మలుపు తిరిగారంటే చాలు, జనానికి గుండెల్లో రాయి పడేది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ప్రెసిడెంటు గారింట్లో వాళ్ళ తాతగారు గుర్రమెక్కిన ఫోటో ఉంది. ఆ గుర్రం పరుగు గురించి మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. మాస్టారు తాతగారి వంక కన్నెత్తి చూడలేదు. భూతద్దం తీసుకెళ్ళి గుర్రం కాళ్ళ దగ్గర పెట్టారు.

"ప్రెసిడెంటు గారూ, దీనికి చక్రాలున్నాయండీ."

"గుర్రానికా?"

"స్టూడియో గుర్రం. తోక పక్కన తెర మడత కూడా పడింది, చూడండి."

ప్రెసిడెంటు గారు చూడలేదు. చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. సాయంత్రానికల్లా ఆ ఇంటివాళ్ళకి చక్రాల గుర్రం వాళ్ళని పేరు స్థిరపడిపోయింది.

తరవాత వంతు కాంపౌండరుది. తన మేడ తన తండ్రే కట్టించాడని ఆయన పదిమందిలో చెప్పుకునేవాడు. మాస్టారు ఎవరిదో ఫోటో వెనకాల ఆ మేడని పట్టుకున్నారు. కాంపౌండరు తండ్రి అందులో లాగు వేసుకుని, అదే మేడ ముందు గోళీలాడుతున్నాడు.

దాంతో మాస్టారు వస్తున్నారంటే గోడల మీద మేకులు తప్ప ఏమీ మిగిలేవి కావు. ఒకావిడైతే తలుపు సందులోంచి, "మాకు తాతలు లేరండీ, మొదట్నుంచీ లేరు" అని గడియ పెట్టుకుంది.

ఊరందరికంటే ఎక్కువ హడలిపోయినవాడు దర్జీ. అతని ఇంట్లో ముందుగదిలో మిషను, మిషను ఎదురుగా గోడ మీద తల్లి ఫోటో. ఆ ఫోటోలో ఉన్నది అతని తల్లి కాదు.

అతనికి పన్నెండేళ్ళప్పుడు తల్లి పోయింది. ఫోటో తీయించుకునే స్తోమతు లేని మనిషి. పెళ్ళయిన కొత్తలో భార్య, "అత్తయ్యగారి ఫోటో ఒక్కటీ లేదాండీ?" అనడిగింది. లేదనడానికి నామోషీ వేసింది. పట్నంలో ఫోటోలకి చట్రాలు కట్టే కొట్లో ఎవరూ తీసుకెళ్ళకుండా పడున్న ఒక పెద్దావిడ ఫోటో ఉంటే, తెచ్చి తగిలించేశాడు. ఇరవై ఏళ్ళయింది. కూతురు పుట్టగానే ముక్కు అచ్చం నానమ్మదేనని భార్య తేల్చేసింది. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. పరీక్షలకి వెళ్తూ ఆ ఫోటోకి చెప్పి వెళ్తుంది, మార్కులు తగ్గితే నాన్నకంటే ముందు దానికే చెప్పుకుంటుంది.

దర్జీకి రెండు భయాలు. ఇంత అబద్ధమాడాడని తెలిస్తే కూతురు ఇక తన ఏ మాటా నమ్మదని ఒకటి. రెండోది ఎవరికీ చెప్పుకోలేనిది. ఇరవై ఏళ్ళు చూసీ చూసీ, అమ్మ అనుకోగానే ఆ పట్నం ఆవిడే కళ్ళ ముందుకి వస్తోంది. అసలు అమ్మ ముఖం ఎలా ఉండేదో అతనికి గుర్తు లేదు.

మాస్టారు పక్క వీధిలోకి వచ్చిన రోజున అతనికి చేతులాడక, కానిస్టేబులు చొక్కాకి జేబు లోపలివైపు కుట్టాడు. మర్నాడు ఫోటో తీసి బియ్యం డబ్బా వెనక దాచుదామని లేచేసరికి, కూతురు దాన్ని తళతళా తుడిచి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా మాస్టారు.

"మా నానమ్మండీ" అందా పిల్ల గర్వంగా.

మాస్టారు భూతద్దం ఆనించారు. అలవాటు ప్రకారం ముందు వెనకాల తెర చూశారు, తరవాత పూలకుండీ, కుర్చీ కోడు. తరవాత దర్జీ వైపు తిరిగారు.

"మీ అమ్మగారు వాచీ పెట్టుకునేవారా?"

"ఆఁ... టైము బాగా చూసేవారండీ."

"ఎక్కడ తీయించారు?"

"అదీ... దూరం."

"ఆవిడ అంత దూరం వెళ్ళారా?"

"ఒక్కసారే. వెంటనే వచ్చేశారు."

మాస్టారు అతని ముఖంలోకి చూశారు. ఫోటో వెనక్కి తిప్పారు, మళ్ళీ ముందుకి తిప్పారు. నకలు తీయలేదు. నోటుబుక్కులో ఏదో రాసుకుని, "శనివారం మధ్యాహ్నం లైబ్రరీకి రా. ఒక్కడివే రా" అని లేచిపోయారు.

కొంప మునిగిందనుకున్నాడు దర్జీ. ఆదివారమే లైబ్రరీలో ఆ ఫోటోలన్నీ ఊరికి చూపించే పండగ. ఊరంతా ఉంటుంది, కూతురూ ఉంటుంది. మూడు రోజులు అన్నం సయించలేదు. ఊరు వదిలి పోదామా అనుకుని, ఇన్ని కుట్టని బట్టలతో ఎక్కడికి పోతాంలే అని ఊరుకున్నాడు.

శనివారం లైబ్రరీ హాల్లోకి అడుగు పెడుతూనే చేతులు జోడించాడు. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. నన్ను ఏమన్నా అనండి, మా అమ్మాయి ముందు మాత్రం అనకండి."

"ఏమిటయ్యా అనేది? ఇలా రా ముందు."

గోడకి ఆనించి పెద్ద ఫోటో ఉంది. రైసుమిల్లు వాళ్ళు ఇల్లు కట్టిన కొత్తలో, ఇంటి ముందు పదిహేనుమంది బారుగా నిలబడి తీయించుకున్నది. దాని పక్కన ఇంకో ఫోటో. అందులో మిల్లువాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళ వెనకాల ప్రహరీ గోడ దగ్గరున్న జానెడు చోటునే పెద్దది చేయించారు. ఒక సన్నటి మనిషి తీగ మీద బట్టలారేస్తూ, ఫోటో తీసేవాడి వైపు తిరిగి చూస్తోంది.

"ఈవిడెవరని ముగ్గురు ముసలమ్మల్ని అడిగాను, ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకుండా. ముగ్గురూ ఒకటే మాటన్నారు, మీ అమ్మేనని. అయినా నువ్వు కాదంటే కాదు. చూడు."

దర్జీకి ముఖం చూడ్డానికి ధైర్యం చాలలేదు. జాకెట్టు చూశాడు. ఒక చెయ్యి మోచేతి దాకా ఉంది, రెండోది అందులో సగమే ఉంది. మెడ పక్కకి జారిపోయింది. చేతిమిషను తిప్పడం నేర్చుకున్న కొత్తలో, అమ్మకి చెప్పకుండా తను కుట్టిన మొట్టమొదటి జాకెట్టు. అంత ఘోరంగా కుట్టేవాడు ఆ ఊళ్ళో తను తప్ప ఇంకొకడు పుట్టలేదు.

అప్పుడు ముఖం చూశాడు. చూస్తూ నేల మీద కూర్చుండిపోయాడు.

మాస్టారు ఇబ్బందిగా దగ్గి, నోటుబుక్కు తెరిచారు. ఇరవై రెండు పేర్లు. చాకలి తాత, బావి తవ్విన అన్నదమ్ములు, మంత్రసాని, దర్జీ తల్లి. ఫోటోల్లో దొరికిన పద్నాలుగింటికి ఎర్ర టిక్కులున్నాయి. "ఫోటో తీయించుకోలేని వాళ్ళు ఎక్కడ దొరుకుతారయ్యా? తీయించుకున్న వాళ్ళ వెనకాలే కదా దొరికేది! మధ్యలో ఆ గుర్రమూ మేడా నా కంటపడితే నేనేం చేసేది? నోరు ఊరుకోదు."

"మరి మా ఇంట్లో ఉన్నావిడ..."

"దాని గురించి నేనెవరికీ చెప్పను. దీని కింద పేరు కూడా నేను రాయను. నువ్వే రాయి, లేదా ఖాళీగా వదిలెయ్. నీ ఇష్టం."

పెన్ను దర్జీ చేతిలో పెట్టి, ఆయన అవతలి గోడకి మేకులు కొట్టుకోవడానికి వెళ్ళిపోయారు. రాస్తే రేపు కూతురికి అన్నీ చెప్పాలి. రాయకపోతే అమ్మ ఇంకోసారి పేరు లేకుండా మిల్లువాళ్ళ గోడ దగ్గర నిలబడి ఉంటుంది. దర్జీ అమ్మ పేరు రాశాడు.

ఆదివారం కూతురు ఆ ఫోటో ముందు ఆగింది. కింద రాసింది చదివింది, తండ్రి చేతిరాత గుర్తుపట్టింది.

"నాన్నా, మరి ఇంట్లో ఉన్న నానమ్మ?"

దర్జీ చెప్పేశాడు. నామోషీతో సహా మొత్తం చెప్పేశాడు. ఆ పిల్ల మాస్టారి దగ్గరికెళ్ళి భూతద్దం అడిగి తెచ్చుకుంది. ఫోటోకి ఆనించి చాలాసేపు చూసింది.

"నాన్నా, ఈ జాకెట్టు ఇలా ఉందేమిటి? ఎవరు కుట్టారు?"

"నేనే."

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వుకి పక్కనున్న కానిస్టేబులు వచ్చి చూశాడు, ఆ వెనకే ప్రెసిడెంటు గారూ కాంపౌండరూ వచ్చారు. అందరూ జాకెట్టు చేతులు కొలిచి నవ్వుతుంటే, ఊళ్ళో పేరున్న దర్జీ సిగ్గుపడకుండా ఫోటో పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"నేనే కుట్టానండీ. మా అమ్మ దీన్ని వేసుకుని వీధిలో తిరిగింది. మీరెవరైనా తిరుగుతారా?"